నాలుగో వాసన

జూన్ 4

తమ్ముడూ,

నువ్వూ మరదలూ బాగున్నారని అనుకునే ఇది మొదలుపెడుతున్నాను. ఫోన్ చేస్తే నీ మాట నాకు సగమే వినిపిస్తుంది, ఆ సగంలోనూ సగం "ఆఁ, ఆఁ" అంటావు. అందుకే ఉత్తరం. దీంతోపాటు ఒక చిన్న డబ్బా వస్తుంది. లోపల మందు సీసా, దాని మూత బిగించి మూడు చుట్లు గుడ్డ చుట్టాను. పోస్టాఫీసులో అమ్మాయి "లోపల ఏముందండీ?" అని అడిగింది. "అది తెలుసుకోడానికే పంపుతున్నానమ్మా" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి ముద్ర కొట్టింది.

ఆస్పత్రి బట్టల గదిలో పని మానేసినప్పట్నుంచీ పొద్దున్నే ఒడ్డున నడుస్తున్నానని ఇంతకుముందే రాశాను. గాజుముక్కలు, తెగిన తాళ్ళు, వల బెండ్లు ఏరుకొస్తుంటాను. పక్కింటి దర్జీ ఆవిడ "మీ ఇల్లు సముద్రం పారేసిన చెత్తతో నిండిపోతోంది" అంటుంది. పోయిన మంగళవారం గాలివాన వెలిశాక వెళ్తే, నాచు కుప్పలో బూడిదరంగు ముద్ద ఒకటి కనిపించింది. చంటిపిల్ల తలంత ఉంది. రాయేమో అని కాలితో కదిపితే రాయంత బరువు లేదు. నీళ్ళలో వేస్తే తేలింది. పైన తెల్లటి పొడి, గోరుతో గీస్తే లోపల నల్లటి చారలు.

అప్పుడు వాసన చూశాను. చూసి అక్కడే ఇసకలో కూర్చుండిపోయాను.

మొదట పశువుల పాక వాసన. కాసేపటికి అది పోయి, ఏళ్ళ తరబడి తెరవని చెక్కబీరువా. ఆ తర్వాత ఎండలో పనిచేసి వచ్చిన మనిషి ఒంటి వాసన, కొంచెం తియ్యగా. నా పదిహేడో ఏట ఒకే ఒక్కసారి చూశాను ఈ వాసన. నాన్న లెక్క గుర్తుందిగా? పూలు ఒకటి, వేళ్ళు రెండు, చెట్ల బంకలు మూడు, జంతువులవి నాలుగు. ఇది ఎన్నోదో నేను చెప్పను. నీకే తెలుస్తుంది.

ఇది నేననుకున్నదే అయితే జనం తిమింగలం వాంతి అంటారు, పుస్తకాల్లో అంబర్‌గ్రిస్ అని రాస్తారు. ఇక్కడి చట్టం ప్రకారం అది అమ్మకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. తీరం ఆఫీసుకి అప్పగిస్తే వాళ్ళు మ్యూజియానికి పంపుతారు. పట్టుకెళ్ళాను. గుమాస్తా కళ్ళజోడు పైకి నెట్టి చూసి, "మైనంలా ఉందండీ. ఊరికే తీసుకోలేం. తెలిసినవాళ్ళ చేత కాగితం రాయించి సంతకం పెట్టించుకు రండి" అన్నాడు. తెలిసినవాళ్ళంటే ఎవరు? ముప్పై ఎనిమిదేళ్ళుగా సబ్బుల కంపెనీలో వాసనలు కలిపే గదిని నడుపుతున్న నా తమ్ముడు. అందరూ ముక్కు మేస్త్రీ అని పిలిచే మనిషి.

సీసాలో ఉన్నది దాని ముక్కే, వాసన చూసి ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టు. నీ దగ్గర దాపరికం దేనికి, డబ్బు మీద ఆశ లేదు, పేపర్లో పడాలనీ లేదు. ఇరవై ఆరేళ్ళు దుప్పటి వాసన చూసి అది ఏ వార్డుదో చెప్పాను, అందరూ నవ్వారు. ఒక్కసారి నా ముక్కు చెప్పినది నిజమని ఎవరైనా కాగితం మీద రాస్తే చూడాలని ఉంది.

నీ జవాబు కోసం గేటు దగ్గరే ఉండే,
అక్క


జూన్ 15

అక్కయ్యకి,

డబ్బా చేరింది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. కంపెనీలో కొత్త సబ్బు తయారీ నడుస్తోంది, ఊపిరి సలపడం లేదు. అందుకే ఆలస్యం.

నువ్వు పంపినది మైనం. వాసన చూడగానే తెలిసిపోయింది. ఓడల్లోంచి మైనం, పాత నూనె గడ్డలు నీళ్ళలో పారబోస్తారు, అవి ఎండకీ ఉప్పుకీ బూడిదరంగుకి తిరుగుతాయి. తేలికగా ఉండటం, తేలటం, పైన పొడి, ఇవన్నీ మైనానికీ ఉంటాయి. ఇలాంటివి పట్టుకుని మా గేటు దగ్గరికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఒక్కరిది కూడా అసలుది కాలేదు.

గుమాస్తాకి ఇవ్వడానికి కాగితం జతచేశాను, కంపెనీ ముద్రతో. ఆ ముద్ద పారేసి చేతులు సబ్బుతో కడుక్కో. ఒడ్డున అడ్డమైనవీ ముట్టుకోకు.

అన్నట్టు, మీ మరదలు ఈ మధ్య నీకేమైనా రాసిందా? రాస్తే ఏం రాసింది?

నీ తమ్ముడు


జూన్ 24

తమ్ముడూ,

మరదలు రాసింది. నాకు స్వెట్టర్ అల్లుతోందట, చేతుల కొలత పంపమంది. అందులో నువ్వు కంగారు పడాల్సింది ఏముందో నాకు తెలియలేదు. ఆవిడ అల్లే స్వెట్టర్లకి ఒక చెయ్యి ఎప్పుడూ పొడుగే, అదే నీ బెంగ అయితే నాకు అలవాటే.

నీ కాగితం ఇంకా గుమాస్తాకి ఇవ్వలేదు. కోప్పడకు. నువ్వు మైనం అన్న తర్వాత కూడా మనసొప్పక సూదితో చూశాను. చిన్నప్పుడు నాన్న చెప్పాడు కదా, సూదిని ఎర్రగా కాల్చి గుచ్చమని. దర్జీ ఆవిడ దగ్గర పెద్ద సూది అడిగి తెచ్చి, పట్టకారుతో పట్టుకుని స్టవ్ మీద కాల్చాను. గుచ్చిన చోట నల్లగా, నిగనిగలాడుతూ కరిగింది. సన్నటి తెల్లపొగ వచ్చింది. సూది పైకి లాగితే జిగురులా దారం సాగింది. పక్కనే కొవ్వొత్తి ముక్క పెట్టి అదీ గుచ్చాను. అది నీళ్ళలా కరిగి, చల్లారగానే తెల్లగా గడ్డకట్టింది. రెండూ ఒకటి కాదురా. దర్జీ ఆవిడ కూడా చూసింది. "నాకు సూది తప్ప ఇందులో ఏమీ తెలియదు, కానీ ఇది ఆ కొవ్వొత్తి కాదు" అంది.

ఇంకో సంగతి. నీ ఉత్తరంలో రంగు రాశావు, బరువు రాశావు, పొడి రాశావు. వాసన ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదేం? పెళ్ళికి వెళ్ళొచ్చినా పెళ్ళికూతురు ఎలా ఉందో వదిలేసి, హాలుకి కొత్తగా వేసిన రంగు వాసన గురించి పేజీ నింపేవాడివి. నీ నుంచి వాసన లేని ఉత్తరం ఇదే మొదటిది.

పనిలో పడి సరిగ్గా చూడలేదేమో. ఆదివారం తీరిగ్గా కూర్చుని మళ్ళీ చూడు. నాన్న ఆ రోజు నీ ముందు పెట్టిన నాలుగో కాగితం ముక్క తలుచుకుని చూడు. నేను నీ వెనకే నిలబడి ఉన్నాను, నాకు బాగా గుర్తు.

నీ అక్క


జులై 3

అక్కయ్యకి,

ఉత్తరం అందింది. మురికి మైనం కూడా నల్లగానే కరుగుతుంది. దర్జీ ఆవిడ సాక్ష్యం నాకు పనికిరాదు.

సరిగ్గా చూడలేదన్నావు. అంటే నాకు ముక్కు పోయిందని నీ ఉద్దేశమా? మీ మరదలు స్వెట్టర్ గురించే రాసిందంటే నేను నమ్మాలి. మీరిద్దరూ కలిసి నాకు పరీక్ష పెట్టాలనుకుంటే అది వేరే సంగతి. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాడు ఒక మాట చెప్తే, బట్టల గదిలో పనిచేసిన మనిషి కాదంటే ఎలా?

నాలుగో, అయిదో, నాన్న లెక్కలు నాకు గుర్తులేవు. ఎప్పటివో చిన్ననాటి సంగతులు తవ్వి తీసి నన్ను దెప్పిపొడవకు. నా కష్టంతో నేను పైకొచ్చాను.

కాగితం ఇచ్చేసి ఈ గొడవ ఇంతటితో వదిలెయ్యి.

తమ్ముడు


జులై 14

తమ్ముడికి,

కాగితం ఇచ్చేశాను. గుమాస్తా చదివి, "నేను ముందే చెప్పాను కదండీ" అన్నాడు. ముద్దని వెనక్కి తీసుకెళ్ళమన్నాడు. దాన్ని మళ్ళీ మోసుకుంటూ వీధిలో నడవడం నా వల్ల కాలేదు. మీరే పారెయ్యండని బల్ల మీద పెట్టి వచ్చేశాను.

బట్టల గదిలో పనిచేసిన మనిషి అన్నావు. నిజమే అన్నావు. నేను దెప్పలేదు, దెప్పాలని అనుకోనూ లేదు. ఆ రోజు నీకు గుర్తుందనుకున్నాను, అంతే. గుర్తులేదంటున్నావు కాబట్టి ఇక ఆ మాట ఎత్తను.

వయసు మీద పడుతోంది. చెవులు ముందే వెళ్ళాయి, ఇప్పుడు ముక్కు వంతు వచ్చినట్టుంది. లేని వాసనలు నాకు వస్తున్నాయని ఒప్పుకోవాలి. ఒడ్డుకి వెళ్ళడం మానేశాను. తీరిక చిక్కింది, పాత చొక్కాలకి గుండీలు కుడుతున్నాను.

స్వెట్టర్ కొలతలు మరదలికి వేరే పంపాను.

అక్క


ఆగస్టు 2

తమ్ముడూ,

చేతిరాత చూసి భయపడకు. చెయ్యి కొంచెం వణుకుతోంది, అంతే. మనిషిని బాగానే ఉన్నాను. దర్జీ ఆవిడ నీకు ఫోన్ చేస్తానని ఒకటే గొడవ. నేనే రాస్తానని ఆపాను.

పోయిన గురువారం పదకొండు గంటలప్పుడు వంటింటి పక్కన కూర్చుని గుండీలు కుడుతున్నాను. గాలికి కిటికీలు కొట్టుకుంటున్నాయని అన్నీ మూసేశాను. ఏదో కుళ్ళిన ఉల్లిపాయ వాసన. గ్యాసు అనిపించింది. లేవబోయాను. లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. మైనాన్ని పట్టుకుని తిమింగలం అన్న ముక్కు ఇది, ఇప్పుడు గ్యాసు అంటోంది, దీని మాట వినాలా అనుకున్నాను. నిజం చెప్తున్నాను, నవ్వుకున్నాను కూడా. ఇంకో గుండీ కుట్టాను. ఇంకోటి కుట్టాను. ఆ తర్వాత సూదిలో దారం ఎక్కలేదు.

దర్జీ ఆవిడ కత్తెర అడగడానికి రాబట్టి సరిపోయింది. తలుపు తియ్యగానే ఆవిడకి గుప్పుమన్నదట. నన్ను చంకల కింద పట్టుకుని వరండాలోకి ఈడ్చింది. స్టవ్ గొట్టం చీలిపోయి ఉందట. ఇంకో పావుగంట ఆగి ఎవరైనా అగ్గిపుల్ల గీసుంటే నాతోపాటు ఆవిడ ఇల్లు కూడా పోయేదని గ్యాసు కంపెనీ మనిషి చెప్పాడు.

మూడు రోజులు మా ఆస్పత్రిలోనే పెట్టారు. నేను ఇరవై ఆరేళ్ళు ఉతికిన దుప్పట్ల మీద పడుకున్నాను. దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇది పిల్లల వార్డుది అనిపించింది. నర్సుని అడుగుదామనుకుని ఊరుకున్నాను. తప్పని చెబితే వినలేను.

నీకెందుకు రాస్తున్నానంటే, నాకొకటి అర్థం కావట్లేదు. గ్యాసు నిజంగానే ఉంది. మరి నా ముక్కు ఎప్పుడు నిజం చెప్తుందో, ఎప్పుడు అబద్ధం చెప్తుందో నాకెలా తెలియాలి? ఒంటరిగా ఉండే మనిషికి అది తెలియాలి కదరా. తెలిసినవాడివి నువ్వే. ఏదైనా ఉపాయం ఉంటే చెప్పు.

అక్క


ఆగస్టు 7

అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను.

నీ ముక్కు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పింది నేను.

నాకు వాసన తెలియదు అక్కా. ఏడాదిన్నర అయింది. జ్వరం వచ్చి తగ్గింది, దాంతోపాటే పోయింది. వస్తుంది వస్తుందని చూశాను, రాలేదు. మల్లెపూవూ కిరసనాయిలూ ఒకటే నాకు. విరిగిన పాలు గ్లాసెడు తాగేస్తే మీ మరదలికి తెలిసిపోయింది. ఎవరికీ చెప్పనని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ మాట తప్పిందనుకుని నిన్ను అన్నేసి మాటలు అన్నాను. ఆవిడ నిజంగా స్వెట్టర్ గురించే రాసింది.

కంపెనీలో ఏడాదిన్నరగా నాటకం ఆడాను. నా దగ్గర పనిచేసే అమ్మాయి పాత చీటీల ప్రకారం తూకం వేసి కలుపుతుంది, సీసా నా ముందు పెడుతుంది. నేను కళ్ళు మూసుకుని పీల్చి, కాసేపు ఆగి తల ఊపుతాను. నీ డబ్బా వచ్చిన రోజు కూడా అదే చేశాను. తలుపు వేసుకుని పీల్చాను. గాలి తప్ప ఏమీ లేదు. సూది కూడా కాల్చలేదు. కాలిస్తే పొగకి ఎవరైనా వస్తారు, వాసన ఎలా ఉందని అడుగుతారు. జనం తెచ్చేవన్నీ మైనమే కదా, ఇదీ అదే అయ్యుంటుంది అని కాగితం రాసి ముద్ర కొట్టాను. నువ్వు రాసిన పశువుల పాక, చెక్కబీరువా చదివినప్పుడే లోపల ఎక్కడో తెలుసు. అయినా రాశాను. ఆ కాగితమే నిన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు. నువ్వు పోయుంటే నా సంతకంతోనే పోయుండేదానివి.

నాన్న లెక్కలు గుర్తులేవని రాశాను. అదీ అబద్ధమే. నాన్న పనిచేసే కంపెనీలో ఒక్క కుర్రాణ్ణి నేర్చుకోడానికి తీసుకుంటామన్నారు. నాన్న నన్ను కూర్చోబెట్టి కళ్ళకి గుడ్డ కట్టి, వాసనలు అద్దిన నాలుగు కాగితం ముక్కలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టాడు. నాకు భయంతో ఒక్కటీ తెలియలేదు. నువ్వు వెనక నిలబడి నా వీపు మీద వేలితో తట్టావు. పూవుకి ఒకటి. వేరుకి రెండు. బంకకి మూడు. చివరిదానికి నాలుగు తట్లు, మెల్లగా. నాన్న గుడ్డ విప్పి "వీడికి ముక్కుంది" అన్నాడు. నిన్ను అడగనే లేదు. తర్వాత నేను కష్టపడి నేర్చుకున్నమాట నిజమే. కానీ ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది నీ వేలు. ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా ఆ మాట పైకి అనలేదు. అంటే అంతా నీదైపోతుందని భయం.

నిన్న నువ్వు పంపిన ముక్కని కంపెనీ గదిలో సొరుగులోంచి తీసి, తలుపులన్నీ తెరిచి, నా దగ్గర పనిచేసే ఆ అమ్మాయి ముందే సూది కాల్చి గుచ్చాను. నువ్వు రాసినట్టే, నల్లటి దారం సాగింది. ఆ అమ్మాయి వెనక్కి జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి, "ఇదేంటి సార్, ఎవరో మనిషి ఇప్పుడే ఈ గదిలోంచి వెళ్ళినట్టుంది" అంది. నేను అక్కడే ఏడ్చాను.

అటునుంచి అటే యజమానురాలి దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆవిడ "అయితే ఏడాదిన్నరగా మన సబ్బుల్ని వాసన చూసిందెవరు?" అని అడిగింది. "ఎవరూ చూడలేదండీ" అన్నాను. గది తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

కొత్త కాగితం జతచేస్తున్నాను. దాని మీద కంపెనీ ముద్ర లేదు, ఇక కొట్టే హక్కు నాకు లేదు. ఆ ముద్ద ఇంకా ఎక్కడైనా ఉంటే గుమాస్తాకి ఇది చూపించు. లేకపోతే ఆ పాపం కూడా నాదే.

నన్ను క్షమించమని అడగడానికి నోరు రావట్లేదు.

నీ తమ్ముడు

జతచేసిన కాగితం:

జూన్ నెలలో నేను మైనమని రాసి ఇచ్చినది తప్పు. దాన్ని నేను వాసన చూడలేదు, నాకు వాసన తెలియదు. అది అంబర్‌గ్రిస్. గుర్తించింది మా అక్క, ఒడ్డున, చేతిలోకి తీసుకున్న మొదటి నిమిషంలోనే.


ఆగస్టు 18

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు నీ మీద కోపంతో కాఫీ కూడా తాగలేదు. నాకు జరిగినదానికి కాదు. ఏడాదిన్నర నువ్వొక్కడివే దాన్ని మోశావే, అందుకు. ఆ తర్వాత నాకు జరిగినదానికి కూడా వచ్చింది. అది ఇంకా పోలేదు. పోయినప్పుడు రాస్తాను, పోయిందని నువ్వే అనేసుకోకు.

మర్నాడు తీరం ఆఫీసుకి వెళ్ళాను. ముద్ద ఏ చెత్తకుప్పలో ఉందో అనుకుంటూ గడప దగ్గరికి వెళ్తే కాలికి తగిలింది. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు మన గుమాస్తా! నీ కాగితం చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. వంగి, ముద్దని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టి, కింద తెల్లకాగితం పరిచాడు. "నెల రోజులుగా దీన్ని తన్నుకుంటూ లోపలికొస్తున్నానండీ" అన్నాడు పాపం.

మ్యూజియం నుంచి ఒకావిడ వచ్చింది. సన్నటి రంపంతో నా ముందే కోసింది. లోపల పిట్టముక్కుల్లాంటి నల్లటి పెంకులు మూడు దొరికాయి. తిమింగలం తిన్న స్క్విడ్‌లనే మెత్తటి సముద్రజీవుల ముక్కులట, అవి అరగక దాని కడుపులో ఉండిపోతే చుట్టూ ఇది పేరుకుంటుందట. తర్వాత ఎన్నో ఏళ్ళు సముద్రంలో నాని, ఎండి, అప్పటికిగానీ ఆ దుర్వాసన పోయి ఈ వాసన రాదట. అంత ఓపిక నాకు లేదనుకున్నాను. ఉందని ఇప్పుడు తెలిసింది.

ఒక కార్డు నింపారు. దొరికిన చోటు, దొరికిన తేదీ, అప్పగించినవారు, గుర్తించినవారు. చివరిదాంట్లో గుమాస్తా అలవాటుగా నీ పేరు మొదలుపెట్టాడు. కలం అడిగి తీసుకుని, కొట్టేసి, నా పేరు రాశాను. చెయ్యి వణకలేదు. చాలాసేపు ఆ కార్డు వైపే చూస్తూ నిలబడ్డాను. మ్యూజియం ఆవిడ "ఏమైనా తప్పు పడిందాండీ?" అని అడిగింది. లేదమ్మా అన్నాను.

ఆ రోజు నాన్న నన్ను అడగలేదు, నిజమే. నేనూ నన్ను అడగమని అనలేదు. నిన్ను గెలిపించాలని తట్టాను, అందులో నాకు ఏ బాధా లేదు. కానీ నువ్వు దాన్ని మర్చిపోయావేమో అన్న బాధ మాత్రం ఉండేది. నాలుగు తట్లు, మెల్లగా అని రాశావు చూడు, ఆ మాట దగ్గర ఉత్తరం మడిచి పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇంక నీ సంగతి. పాల గిన్నె మీద తేదీ రాసిపెట్టు. గ్యాసు గొట్టం ఈ వారమే మార్పించు. ఉతకని చొక్కా మళ్ళీ వేసుకోకు, నీకు తెలియదు గానీ ఎదుటివాళ్ళకి తెలుస్తుంది. గది తాళంచెవి ఇచ్చేశావు కాబట్టి పని ఉందని సాకు చెప్పలేవు. మరదల్ని తీసుకుని ఇక్కడికి రా, ఉండాలనిపించినన్ని రోజులు ఉండు. నేను మళ్ళీ ఒడ్డుకి వెళ్తున్నాను, నువ్వూ వద్దువుగాని. గాలి ఎదురుగా కొడుతుంది కాబట్టి నువ్వు ముందు నడు. నీ వెనక నేను నడుస్తాను. ఏ వాసన వస్తే దాని లెక్క నీ వీపు మీద తడతాను. నాలుగు తడితే ఆగు.

అక్క